పుట్టుకతోనే

మూడో మంచం మీది పక్కగుడ్డను రెండు చేతులతో ఒక్క లాగు లాగి, మరక లోపలివైపుకు పోయేలా ఉండచుట్టి బకెట్లో పడేసింది ఆయా. మరక కనబడితే బాలింతకు కళ్ళు తిరుగుతాయి, పడిపోతే మళ్ళీ లేవనెత్తాల్సింది తనే. మంచం పక్కన ఆ బాలింత మొగుడు నిలబడి ఫోనులో బిడ్డ ఫొటోలు ఎవరెవరికో పంపుతున్నాడు. కాలు పక్కకు తీయలేదు. ఆమె తడిగుడ్డ కర్రను అతని చెప్పుల మీదుగానే పోనిచ్చింది. అతను ఒక్క గంతు వేసి గోడకు ఆనుకున్నాడు. బిడ్డను కన్నది తానే అన్నంత అలసట ఆ ముఖంలో. మగాళ్ళందరికీ ఈ వార్డులోకి రాగానే ఎక్కడలేని నీరసం ముంచుకొస్తుందని ఆమెకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు.

పొట్టి మనిషి. ఫినాయిల్లో నాని నాని వేళ్ళ చివర్లు తెల్లగా ఉబ్బి ఉంటాయి. కుడి బొటనవేలి గోరు సగానికి అరిగిపోయింది. నీలం కోటుకు గుండీలన్నీ మెడదాకా పెట్టుకుంటుంది, ఎండలు మండిపోతున్నా ఒక్కటి కూడా విప్పదు. వెనకాల అందరూ ఆమెను ముళ్ళక్క అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఎవరెవరు అంటారో కూడా తెలుసు. వాళ్ళ గదులు చివర్లో తుడుస్తుంది, మురికి నీళ్ళతో.

ఆరో మంచం దగ్గర గొడవ పొద్దున్నే మొదలైంది. బిడ్డ పుట్టి రెండు రోజులు. ఆడపిల్ల. నోరు తెరిచి అటూ ఇటూ తడుముకుని, ఏమీ దొరక్క, ముఖం కందిపోయేలా ఏడుస్తోంది. తల్లికి ఇరవై మూడేళ్ళుంటాయేమో. ఆ పిల్ల చనుమొనలు రెండూ పైకి రాకుండా గుంటల్లా లోపలికి తిరిగి ఉన్నాయి. అత్తగారు స్టూలు మీద కూర్చుని, కోడలికి వినబడేలా గోడతో మాట్లాడుతోంది. చూసి చూసి ఇలాంటిదాన్ని తెచ్చుకున్నామట. ముందే తెలిస్తే ఆలోచించేవాళ్ళమట. పాలడబ్బా, సీసా అప్పుడే కొనుక్కొచ్చి అలమరలో పెట్టారు. పైగా ఆవిడ చేతిలో రంగుల కాగితం ఒకటి ఉంది. ఏదో క్లినిక్కు వాళ్ళు గేటు దగ్గర పంచుతున్నది. చిన్న ఆపరేషనుతో లోపం మాయం అని దాని మీద రాసి ఉంది. పక్కన నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ. ఏం పోయిందని నవ్వుతోందో ఆయాకు అర్థం కాలేదు.

"మా వంశంలో ఎవరికీ ఇలాంటి అవకరం లేదు" అంది అత్తగారు, ఈసారి ఆయా వైపు తిరిగి.

"మీ వంశంలో ఎవరివి ఎవరు చూశారండీ?" అంది ఆయా, నేల తుడుస్తూనే.

నాలుగో మంచం బాలింత దుప్పటి నోట్లో కుక్కుకుంది. అత్తగారు లేచి, వార్డులో మర్యాద లేదని, పెద్దడాక్టరుతో చెబుతానని బయటికి వెళ్ళిపోయింది. ఆయాకు కావాల్సిందీ అదే. కర్ర గోడకు ఆనించి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చింది.

ఇది ఆమె పని కాదు, నర్సుల పని. కానీ పగటి డ్యూటీలో సిస్టరు ఒక్కతే, మంచాలు ఇరవై రెండు. కొత్తగా వచ్చిన చిన్నడాక్టరు పొద్దున ఆరో మంచం దగ్గర అర నిమిషం నిలబడి, చీటీ మీద 'డబ్బాపాలు' అని రాసి వెళ్ళింది. అన్నేళ్ళ చదువుకు ఆ ఒక్క ముక్కే మిగిలిందని ఆయా లోపల అనుకుంది.

"ఏడుపు ఆపు. పాలు అక్కణ్ణించి రావు" అని కర్టెను లాగింది. నల్లటి వలయానికి అటూ ఇటూ బొటనవేళ్ళు పెట్టి మెల్లగా నొక్కి, వేళ్ళను దూరంగా జరిపింది. చనుమొన కొంచెం తల ఎత్తి, వదలగానే మళ్ళీ లోపలికి పోయింది. కొందరికి నొక్కితే బయటికొచ్చి అలాగే ఉంటాయి. కొందరికి వచ్చి పోతాయి. కొందరికి ఏం చేసినా రావు. ఈ పిల్లది నడిమి రకం. ఇంత మాత్రానికి వంశాల దాకా వెళ్ళారు.

సిస్టరును అడిగి కొత్త సిరంజి తెచ్చింది. సూది పెట్టే మూతిని కోయించి, లోపలి కర్రను కోసిన వైపు నుంచి ఎక్కించి, నున్నటి వైపును చనుమొన మీద ఆనించింది. మెల్లగా లాగడం ఎలాగో చూపించి ఆ పిల్ల చేతికే ఇచ్చింది.

"నొప్పి పుడితే ఆపెయ్. పంపు కొడుతున్నట్టు లాగకు."

లాగుతూ ఉండగానే ఆ పిల్ల గొంతు తగ్గించి, ఆపరేషను చేయించుకుంటే పూర్తిగా సరైపోతుందా అని అడిగింది. ఆయా ఆ రంగుల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కదులుతున్న స్టూలు కాలి కింద దోపింది. అప్పుడు చెప్పింది. ఆపరేషను ఉంది, అబద్ధం కాదు. కానీ కొన్నిసార్లు పాలు వచ్చే నాళాలే తెగుతాయి, ఇక ఆ వైపు బిడ్డకు పట్టడం కష్టం. సరిచేసినవి మళ్ళీ లోపలికి పోయిన వాళ్ళూ ఉన్నారు. పిల్లలూ పాలూ అన్నీ అయ్యాక, నీకు నువ్వుగా కావాలనుకుంటే చేయించుకో. అత్తగారి కోసం మాత్రం వద్దు. ఇది సరైతే ఆవిడకు నీ ముక్కు వంకరగా కనబడుతుంది.

బిడ్డను చేతుల్లోకి తీసుకుని, కింది పెదవి మీద చనుమొన ఆనించి, నోరు పెద్దగా తెరిచేదాకా ఆగింది. తెరవగానే నల్లటి వలయం కూడా లోపలికి పోయేలా ఒక్కసారిగా దగ్గరికి నెట్టింది. బిడ్డ తాగేది మొన ఒక్కదాన్ని పట్టుకుని కాదు. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి చిన్న దవడ కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. తర్వాత గుటక వినబడింది.

ఆ పిల్ల ఆ దవడనే చూస్తోంది. ఇలా ఇంకెవరికైనా ఉంటుందా అని అడిగింది.

"ఉంటుంది. నాకుంది."

ఈ మాట ఆమె ఎవరితోనూ అన్నది కాదు. నోరు ఎలా జారిందో ఆమెకే తెలియదు.

"పుట్టుకతోనేనా ఆయమ్మా?"

"పుట్టుకతోనే" అంది ఆయా. కర్టెను తీసేసి కర్ర అందుకుంది.

అది సగం నిజం. పుట్టుకతో ఉన్నది ఎడమవైపుది. ఇరవై రెండేళ్ళప్పుడు కొడుకును కన్న మర్నాడు, వేరే ఆసుపత్రిలో, పెద్దడాక్టరు ఒకడు పదిమంది విద్యార్థులను వెంటేసుకుని వచ్చి, అడక్కుండా ఆమె జాకెట్టు తప్పించాడు. పెన్నుతో చూపిస్తూ పాఠం చెప్పాడు. వెనక వరుసలో ఒకడు నవ్వాడు. పాఠం అయ్యాక ఎవరూ జాకెట్టు సర్దలేదు. గుండీలు ఆమే ఒక్కొక్కటిగా పెట్టుకుంది. కుడివైపుది మామూలుగానే ఉంది, బిడ్డ శుభ్రంగా తాగేవాడు. దాన్ని ఎవరూ చూడలేదు. డబ్బాపాలు రాశారు. వారానికి రొమ్ములు గడ్డకట్టి, జ్వరమొచ్చి, పాలు ఎండిపోయాయి. మొగుడు ఆ మాటను పదేళ్ళు ఎత్తిపొడిచి, ఆ తర్వాత ఇంకొకామె దగ్గరికి పోయాడు. అతను వదిలిపోయిన చొక్కాలతో ఆమె రెండేళ్ళు ఇల్లు తుడిచింది. మంచి నూలు, నీళ్ళు బాగా పీల్చేవి.

ఈ వార్డులో చేరిన కొత్తలో ఒక ముసలి సిస్టరు ఎవరికో సిరంజి వాడుతుంటే చూసి, ఆమె బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పది నిమిషాల పని. అంత చిన్న పనిని ఎగ్గొట్టి తెల్లకోట్లు వేసుకుని తిరిగేవాళ్ళ మీద ఆ రోజు పుట్టిన ఏవగింపు మళ్ళీ తగ్గలేదు. అప్పట్నుంచి ఆమె ఎవరి ముందూ కోటు విప్పలేదు.

కుడివైపుది లోపలికి పోయి రెండున్నర నెలలు.

పన్నెండింటికి సిస్టరు ఇంటికెళ్ళే బాలింతలను కూర్చోబెట్టి రోజూ చెప్పేవే చెప్పింది. పుట్టుకతో ఇలా ఉన్నవాళ్ళు భయపడక్కర్లేదు. బాగున్నది ఏ వయసులోనైనా ఒకవైపు లోపలికి లాక్కుపోతే, చర్మం సొట్టపడితే, క్యాన్సరు కాకపోవచ్చు కానీ వెంటనే చూపించుకోవాలి, సిగ్గుపడి కూర్చోకూడదు. ఆయా కిటికీ దగ్గర దుప్పట్లు మడుస్తోంది. సిస్టరు లేనప్పుడు ఈ మాటలు తనే చెప్పేది, ఇంతకన్నా గట్టిగా. స్నానం చేసేటప్పుడు తన కుడివైపు సొట్టలో సబ్బు ఆగుతోంది. నారింజ తొక్కలా గరుకుగా ఉంది. చిన్న గోళీ అంత గట్టిదేదో వేలికి తగిలి కదలడం లేదు. ముసలితోలు, అంతకన్నా ఏముంటుంది అని తనకు తాను చెప్పుకుంది. ఎదుటివాళ్ళ మాటను నమ్మనట్టే ఆ మాటనూ నమ్మలేదు.

రెండింటికి డ్యూటీ దిగి, గేటు వైపు కాకుండా పక్క భవనంలోని ఓపీ కౌంటరు దగ్గరికి నడిచింది. వరుసలో నలభై నిమిషాలు నిలబడింది. అద్దం వెనక గుమాస్తా తల ఎత్తకుండానే ఏమిటి సమస్య అని అడిగాడు. ఆమె నెమ్మదిగా ఏదో అంది.

"గట్టిగా చెప్పమ్మా, వినబడట్లేదు."

సరిగ్గా అప్పుడే మెట్ల మీంచి ఇస్త్రీ నలగని తెల్లకోట్లు ఒక గుంపుగా దిగాయి. జేబుల్లో పెన్నులు. ముందు నడుస్తున్న పెద్దాయన ఏదో అన్నాడు, వెనక ఒకడు నవ్వాడు. పిల్లకాయలు, తాము పుట్టిన వార్డు ఏదో కూడా తెలియని వాళ్ళు. ఆమె చేయి మెడ దగ్గరి గుండీ మీదికి పోయింది.

"మోకాళ్ళు" అంది గట్టిగా. "మోకాళ్ళ నొప్పి."

గుమాస్తా రాసుకుని చీటీ చింపి ఇచ్చాడు.

ఆరో మంచం పిల్ల మూడో రోజున ఇంటికి వెళ్ళింది. పాలసీసా అలమరలోనే మరిచిపోయారు. ఆయా దాన్ని చెత్తబుట్టలో పడేసింది. ఆ తర్వాత ఏడు నెలలు ఆమె ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. ఎనిమిదో నెలలో కుడిచేయి వాచి బకెట్టు ఎత్తలేకపోయింది. కొడుకు బస్సు నడిపే ఊరికి, వారంలో వస్తానని చెప్పి వెళ్ళింది. సిస్టరుకు అనుమానం వచ్చి రెండుసార్లు ఫోను చేస్తే, ఇక్కడి డాక్టర్లు ఇంకా పనికిమాలినవాళ్ళని చెప్పిందట. మూడోసారి చేస్తే కొడుకు ఎత్తాడు. పోయి నాలుగు రోజులైందన్నాడు. అమ్మ చివరిదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదని, కనీసం నర్సును కూడా రానివ్వలేదని, తనకేమీ తెలియదని చెప్పి ఏడ్చాడు.

కొత్తగా చేరిన ఆయాకు అలమర కావాల్సి వచ్చి, ముళ్ళక్క అలమర తాళం సిస్టరే పగలగొట్టించింది. లోపల ఉతికి మడిచిన కోటు ఒకటి ఉంది. దాని పక్కన మోకాళ్ళ నొప్పుల మందు ట్యూబు, మూత కింది రేకు చిల్లు పడకుండా, అట్టపెట్టెలో కొత్తగా అలాగే ఉంది.