ఆఫ్రికా రిటర్న్ మెకానిక్

"ఆఫ్రికాలో నేను చెయ్యి పెట్టని ఇంజను లేదండి. నన్ను చూస్తే మొండి ఇంజన్లు కూడా లేచి సలాం కొడతాయి" అన్నాడు రిజ్వాన్, కాలరు సర్దుకుంటూ.

నిజానికి అప్పటిదాకా తెనాలి నుంచి రిజ్వాన్ వెళ్లిన అతి దూరపు ఊరు రేపల్లె. అక్కడితో రైలు పట్టాలు అయిపోయాయి, లేకపోతే వెళ్లేవాడేమో. ఇంజన్లు తయారుచేసే షెడ్డు ఓనరు జ్ఞానానందం దగ్గర పనిలో చేరేటప్పుడు సరదాకి కోసిన కోత అది. ఆయన నమ్మేశాడు. మన దేశం ఇచ్చే అప్పుతో ఆఫ్రికాలోని మొజాంబిక్ వాళ్లు పడవ ఇంజన్లు కొంటారని తెలియగానే, ఆఫ్రికా అనుభవమున్న మెకానిక్కును కూడా పంపి అక్కడి జాలర్లకు నేర్పిస్తామని, ఆ ఆర్డరు కోసం మాటిచ్చేశాడు.

అలా 2007లో ఒక ఉదయం నిజాంపట్నం రేవులో, జాలరి సింగరయ్య పడవకు కొత్త ఇంజను బిగించి, దాన్ని చూడ్డానికి మొజాంబిక్ నుంచి వచ్చిన ఆఫీసరమ్మ అమీలియాను సముద్రంలోకి తీసుకెళ్లారు. ఆమె ఇంగ్లీషును జ్ఞానానందం తెలుగు చేస్తున్నాడు.

"ఇదివరకు ఏదో దేశం వాళ్లు ఊరికే ఇంజన్లు ఇచ్చారంట. ఫొటోలు దిగి వెళ్లిపోయారంట. నడపడం నేర్పినోడు లేడు. వాటిని నమ్ముకుని వేటకెళ్లినోళ్లు తిరిగి రాలేదంట. అందులో ఈమె తమ్ముడు కూడా ఉన్నాడంట."

రిజ్వాన్ నోట్లో ఉమ్మి ఉప్పుచేప అంత ఎండిపోయింది. ఆమె అతని చేతుల వంకే చూస్తోంది, అవేవో దేవుడి చేతులైనట్టు.

ఒడ్డు సన్నటి గీతైపోయాక ఇంజను వాసనేసింది. తర్వాత పొగ. తర్వాత ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. రిజ్వాన్ గుండె ఇంజను కంటే గట్టిగా కొట్టుకుంది. ఇంజను ఆగిపోయింది కాబట్టి అదేమంత గొప్ప కాదు.

"ఏంటబ్బాయ్, మీ ఆఫ్రికాలో ఇంజన్లు మధ్యలో టీ తాగుతాయా?" అన్నాడు సింగరయ్య. అంటూనే దక్షిణం వైపు చూశాడు. అక్కడ మబ్బు గేదెల మందలా లేస్తోంది. ఆయన మళ్లీ జోకు వెయ్యలేదు. రిజ్వాన్‌కు దానికే భయమేసింది.

అల ఒకటి పడవలోకి దూకింది. గాలి వాళ్లను ఇంకా సముద్రం లోపలికి నెడుతోంది. అమీలియా పడవ అంచు పట్టుకుని కళ్లు మూసుకుంది. ఆమె పెదాలు ఎవరి పేరో పలుకుతున్నాయి.

సింగరయ్య ఇంజన్ను చల్లబరిచే నీళ్లగొట్టాన్ని సముద్రంలోంచి పైకి లాగాడు. దాని మూతికి కట్టిన పాత చీరముక్క ముద్దలా వేలాడుతోంది, నిండా బురద.

"ఎవడ్రా దీనికి చీర కట్టింది?"

"నేనే బాబాయ్." రిజ్వాన్ చీరముక్క విప్పసాగాడు. "అమృతలూరు చేలల్లో మోటార్లకి అట్టాగే కడతాం. చెత్త రాకుండా."

"అది కాలవ్రా! ఏరు సముద్రంలో కలిసే మొగలో అంతా బురదే. అది గుడ్డకి పట్టేస్తే ఇంజనుకి నీళ్లెక్కడివి? ఇంజను మాడి పట్టేసింది. చల్లారేదాకా తిరగదు. అప్పటికి మనం ఎక్కడుంటామో."

జ్ఞానానందం రిజ్వాన్ చెవిలో గుసగుసలాడాడు. "డీజిల్లో కల్తీ అని చెప్తాను. నువ్వు నోరు మూసుకో. ఆర్డరు పోద్ది."

అమీలియా కళ్లు తెరిచి ఏదో అడిగింది. జ్ఞానానందం తెలుగు చెయ్యలేదు. ఆమె మళ్లీ అడిగింది, సూటిగా రిజ్వాన్‌నే.

"ఏంటంటుంది సార్?"

"ఏం లేదులే."

"చెప్పండి సార్!"

"మా సముద్రంలో ఇట్టా ఆగితే నువ్వు బాగు చేస్తావు కదా అంటుంది."

పడవ పక్కకు ఒరిగింది. రిజ్వాన్‌కు ఈత రాదు. ఊ అని తలాడిస్తే సరిపోయేది.

"చెయ్యలేనని చెప్పండి సార్."

జ్ఞానానందం సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. ఇక రిజ్వానే తనకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకున్నాడు. అదొక గుప్పెడుంది.

"మేడమ్. ఐ నో గో ఆఫ్రికా. నెవర్. ఆల్ లైస్." చీరముక్క ఎత్తి చూపించాడు. "దిస్, మై మిస్టేక్." ఆ గుప్పెడూ అయిపోయింది, తెలుగులోకి దిగాడు. "పడవ ఇంజను నిన్ననే మొదటిసారి చూశానండి. నన్ను నమ్మి మీవోళ్లని సముద్రంలోకి పంపకండి మేడమ్. ప్లీజ్."