నలుపు వైపు

నేను ఒక ముసుగు గుడ్డను. తెనాలిలో ఫోటోలు తీసే మస్తాన్ సాహెబు పెట్టె కెమెరా వెనుక తల దూర్చి, వెలుతురు చొరకుండా నన్ను కప్పుకొనేవాడు. నాకు లోపల నలుపు, పైన ఎరుపు. నలుపు అతని పనికి అవసరం. ఎరుపు ఇతరుల నమ్మకానికి. పెళ్లివారు నల్లగుడ్డను గడప దాటనివ్వకపోవడంతో అతని భార్య నాకు ఎర్రటి పైపొర కుట్టింది. ఆ ఎరుపు చాటున నా నలుపు ఎన్ని పందిళ్లు తిరిగినా, ఏ కాపురానికీ కీడు జరిగినట్లు వినలేదు.

ఒక వానాకాలం అతణ్ణి కామాక్షమ్మ అనే ఇల్లాలి ఫోటో తీయడానికి పిలిచారు. ఆమెకు క్షయ. మంచం దిగలేదు గనుక గదిలోనే తీయాలి; గది చీకటి గనుక మెగ్నీషియం పొడి వెలిగించాలి; పొడి భగ్గుమన్నది గనుక ఒక నిప్పురవ్వ నా మీద పడి, రెండు పొరలనూ కాల్చి, నిమ్మకాయంత రంధ్రం చేసింది. అంతకు ముందే, నా కింద దూరిన మనిషిని చూసి, ఒడిలోని ఏడాది బిడ్డ బెదిరి తల్లి ఎదలో ముఖం దాచుకుంది. అతను తల బయటికి తీసినా తల్లి చూపు కెమెరా మీద వేలాడుతున్న నన్ను వదలలేదు. నెల తిరగకముందే ఆమె పోయింది. నా రంధ్రానికి మాసిక పడింది.

ఆ బిడ్డ రత్నమాణిక్యానికి ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. నీటికాసులనే కంటిజబ్బు వల్ల చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. తల్లి రూపం మిగిలింది ఆ ఒక్క ఫోటోలోనే. చెమ్మకు అది పటం అద్దానికి అతుక్కుపోయింది. ఊడదీయబోతే ఒక మూల చిరిగింది. చూపు ఉండగానే తల్లి ముఖాన్ని టీవీలో పెద్దగా చూడాలని, ఆమె మస్తాన్ సాహెబు మనుమడు కరీముల్లాను పిలిపించింది. అతను పెళ్లి వీడియోలు తీస్తాడు.

ఫోటో మసకబారి ఉంది గనుక అతను ఎదురుగా రెండు లైట్లు పెట్టాడు. కామాక్షమ్మ ముఖం ఉండవలసిన చోట రెండు సూర్యులు ఉదయించారు. లైట్లను పక్కలకు జరిపి ఏటవాలుగా వేశాడు. సూర్యులు తొలగారు గాని, అద్దంలో అతని తెల్లచొక్కా, వెనుక కూర్చున్న రత్నమాణిక్యం నెరిసిన తల మిగిలాయి.

"ఏమయ్యా, నా మొహం నేను చూసుకోడానికా నిన్ను పిలిచింది?"

"ఉండండి మామ్మగారూ! అద్దం ముందు ఏముంటే అదే చూపిస్తది. దాని ముందు ఏమీ లేకుండా చెయ్యాలి."

అతను ఇంటికి వెళ్లి నన్ను తెచ్చాడు. మాసిక విప్పి, రంధ్రంలోంచి కెమెరా కన్ను మాత్రం బయటపెట్టి, నలుపు వైపు పటానికి ఎదురుగా ఉండేటట్లు నన్ను తెరలా కట్టాడు.

"అమ్మ పటం ముందు నలుపా! తిప్పెయ్."

తిప్పాడు. నా ఎరుపు అద్దమంతా పరచుకొని, ఫోటోలోని ముఖానికి నెత్తురు పులిమినట్లయింది.

"సర్లే, మళ్ళీ తిప్పు" అంది రత్నమాణిక్యం. "పోయినావిడకి ఇంకా అపశకునమేంటి?"

నలుపు తన మీద పడిన వెలుతురును తిరిగి పంపదు. అందువల్ల అద్దానికి చూపడానికి ఏమీ మిగలలేదు, అద్దమే లేనట్లయింది. కరీముల్లా ఆ దృశ్యాన్ని టీవీలో పెట్టాడు. ఆమె తెరకు జానెడు దూరాన కూర్చొని, ముఖం మీద అంగుళం అంగుళం చూపు జరిపింది.

"దిగులుతో పోయిందనేవాళ్ళయ్యా అందరూ. ఇదేంటి... పెదవి బిగబట్టి నవ్వాపుకుంటోందీ?"

"అవునండీ, నవ్వే. కానీ కెమెరాలోకి చూట్టంలేదు. కొంచెం పైకి చూస్తన్నారు."

"దేన్ని చూసి నవ్విందో మా అమ్మ!"

నన్ను. మూడు కాళ్ల మీద నిలిచి, మనిషిని మింగి మళ్లీ కక్కిన ఎర్రటి గుడ్డమూటను. ఆమెకు నెల కూడా మిగలలేదు. బిడ్డ భయానికి, నా వాలకానికి నవ్వు వచ్చింది. చెప్పడానికి నాకు నోరు లేదు.

ఇప్పుడు కరీముల్లా బీరువాలో, నలుపు పైకి మడతపడి ఉన్నాను. రంధ్రానికి ఈసారి ఎవరూ మాసిక వేయలేదు.