హాలు గోడ మీది వీధి

హోసూరులో బోర్డులు రాసే మంజునాథ్‌కు అంత పెద్ద గోడ ఎప్పుడూ దొరకలేదు. మోటార్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ మేనేజరు అతన్ని పిలిపించి, కరెంటు కొత్తగా వచ్చిన కాలపు నగర వీధిని హాలు గోడ నిండా వేయమన్నాడు. ఆయుధపూజ నాటికి కావాలన్నాడు. మంజునాథ్ భార్య పవిత్ర ఆ హాల్లోనే మోటార్లకు రాగి తీగ చుట్టేది.

మంజునాథ్ ట్రాములు వేశాడు, పొగగొట్టాలు వేశాడు, స్తంభం నుంచి స్తంభానికి తీగలు లాగాడు. దీపాల కింద టోపీల వాళ్లు, గంపల వాళ్లు, గుర్రబ్బండ్లు తోసుకుంటూ పోతున్నారు. భోజనాల వేళ పనివాళ్లు వచ్చి ఆ గోడ ముందే నిలబడిపోయేవారు. తన చేతిలో ఇంత పనితనం ఉందని అతనికే అంతవరకు తెలియదు.

వీధి మధ్యలోని పెద్ద దీపం ఒక్కటే కుదరలేదు. పసుపు రంగు బొబ్బలెక్కి ఊడిపోయేది. గీకి మళ్లీ వేస్తే మళ్లీ ఊడింది. అరచెయ్యి ఆనించి చూస్తే గోడ జ్వరమొచ్చిన ఒంటిలా కాలుతోంది.

ఎలక్ట్రీషియన్ శేషప్పను పిలిచి చూపించాడు. శేషప్ప అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"దీని వెనకాల మెయిన్ కేబుళ్లు ఉండాయప్పా. కొత్త మిషన్లు పెట్టినప్పటినుంచి లోడు తట్టుకోలేకుండా ఉండాయి. ఆఫీసులో చెప్పినాను. పూజ అయినాక చూస్తామన్నారు."

మంజునాథ్ కూడా పోయి చెప్పాడు. నీ రంగుల సంగతి నువ్వు చూసుకోమని మేనేజరు పంపేశాడు. ఇంటికొచ్చి పవిత్రను పనికి పోవద్దన్నాడు. అందరూ పోతుంటే తానొక్కతే ఇంట్లో ఎట్లా కూర్చునేదని ఆమె వినలేదు.

పూజనాడు పొద్దున హాలంతా మామిడాకులు, సీరియల్ లైట్లు. మిషన్లన్నీ ఒకేసారి నడిపి చూపిస్తారట. కుర్చీలు గోడకు ఆనుకునే వేశారు. పవిత్ర గోడ పక్క వరసలోనే కూర్చుంది. సన్నగా కమురు వాసన వస్తున్నా, సాంబ్రాణి పొగలో ఎవరికీ పట్టలేదు. మంజునాథ్ మరోసారి చెప్పబోతే మేనేజరు పక్కకు పొమ్మని చెయ్యి ఊపాడు.

మంజునాథ్ నల్ల రంగు బకెట్టు ఎత్తి వీధి మీద కుమ్మరించాడు. ట్రాములు, దీపాలు, జనం నల్లగా కారిపోయాయి.

సెక్యూరిటీ వాళ్లు అతన్ని బయటికి ఈడ్చి కొట్టారు. నల్లగోడ ముందు పూజ అశుభమని పూజారి అన్నాడు. కుర్చీలు, పటాలు అన్నీ వాకిట్లోకి మార్చారు. హారతి కాగానే బయటి ప్యానెల్ దగ్గర స్విచ్ వేశారు. లోపల ఏదో పెద్దగా పగిలింది. గోడ నడుమ నుంచి మంట ఎగసి పైకప్పును అందుకుంది. హాల్లో ఒక్కరూ లేరు.

తగలబెట్టింది అతనేనన్నారు. పోలీసులు అడిగినప్పుడు శేషప్ప తల దించుకుని, తనకేమీ తెలియదన్నాడు. సాక్ష్యం లేక వదిలిపెట్టారు గానీ, ఆ తర్వాత హోసూరులో ఎవరూ మంజునాథ్ చేత బోర్డు రాయించుకోలేదు. బర్గూరులో సమాధి రాళ్ల మీద పేర్లు రాసే పని దొరికితే ఇద్దరూ బయలుదేరారు.

బస్సు కుందారపల్లి దాటినాక పవిత్ర మెల్లగా అడిగింది.

"నేను ఆ హాల్లో లేకుండా ఉండింటే గూడా రంగు పోసింటావా?"