మబ్బులు కలపలేదు

జీవిత మైదుకూరులో ఒక స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు తయారు చేస్తుంది. ఎండకు వెలవెలబోయిన ఆకాశాన్ని కంప్యూటర్లో తీసేసి, పెళ్లికొడుకు పెళ్లికూతుళ్ల వెనక ఎక్కడిదో ఎర్రటి ఆకాశాన్ని అతికించడం ఆమె పనిలో సగం. ఆ అతుకుల ఆకాశాలంటే ఆమెకు వెగటు. పాత కెమెరా ఒకటి కొనుక్కున్నాక, వానలు పట్టిన రోజుల్లో నాలుగున్నరకే లేచి ఊరి పక్క గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. తండ్రి బాలస్వామి కూలికి పోయేముందు మోపెడ్ మీద గుట్ట కింద దించి, ఆమె దిగొచ్చేదాకా అక్కడే కూర్చునేవాడు.

"ఆడపిల్ల చీకట్లో గుట్టలెక్కేదేంది?" అని చర్చి దగ్గర ఎవరో అంటే, "మబ్బులకు చెప్పప్పా, పది గంటలకు రమ్మని" అన్నాడట ఆయన.

అక్టోబరులో తుపాను పట్టిన వారం, ఒక తెల్లవారుజామున వాన తెరిపిచ్చింది. లంకమల కొండల మీద మబ్బులు దున్నిన చేనులో చాళ్లలాగా వరసలు కట్టి ఉన్నాయి. సూర్యుడింకా కొండ దాటలేదు గానీ, ఒక్కో చాలు అంచుకూ నిప్పు రాజుకుంటూ వచ్చింది. దూరంగా బద్వేలు దిక్కున కురుస్తున్న వాన కూడా ఎర్రగానే కనిపించింది. జీవిత కెమెరాను బండ మీద ఆనించి అరగంటలో ముప్పై ఒక్క ఫొటోలు తీసింది. వాటిలో ఒకదాన్ని కడపలో జరిగే ఫొటో పోటీకి పంపింది.

డిసెంబరులో ప్రదర్శన. తండ్రీ కూతుళ్లు పొద్దున్నే బస్సెక్కి పోయారు. హాల్లో గోడకు ఆమె పేరు రాసిన చీటీ ఉంది, దాని పైన ఫొటో లేదు.

న్యాయనిర్ణేత రామకృష్ణ పది మంది మధ్యలో నిలబడి ఉన్నాడు. జీవిత వెళ్లి అడిగింది.

"స్టూడియోలో ఆకాశాలు మార్చేది నువ్వేనంట కదమ్మా" అన్నాడాయన. "ఇట్లాంటి ఆకాశం మన కడప జిల్లాలో యాడుంది? ముప్పై ఏండ్ల నుంచి ఫొటోలు తీస్తాండా, నేను చూడలేదే."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జీవితకు తల కొట్టేసినట్టయింది.

"స్టూడియోలో మారుస్తా సార్, అది నా పని. దీంట్లో మార్చలేదు. కెమెరా కార్డు తెచ్చినా, చూడండి."

"నేను గుట్ట కిందనే ఉన్నా సార్. నా కండ్లతో చూసినా" అన్నాడు బాలస్వామి.

రామకృష్ణ ఆయన వైపు చూడనైనా చూడలేదు. "ఇప్పుడు కార్డులు చూసే తీరిక లేదు. ఒక పని చెయ్. మబ్బులు కలిపినానని ఒక లైను రాసి సంతకం పెట్టు. కల్పన విభాగంలో వేస్తాం. దాంట్లో మొదటి బహుమతి నీకే వస్తాది."

జీవిత ఆయన చాచిన కాగితం అందుకోలేదు. "చేయని పని చేసినానని రాయను సార్" అని వెనక్కి తిరిగింది.

బయటికొచ్చాక బాలస్వామి, "పోదామా పాపా?" అన్నాడు.

"పోయేదేంది నాయనా" అంది జీవిత. ఎదురుగా ఉన్న ప్రింటింగ్ అంగట్లోకి వెళ్లింది. కార్డులోని ముప్పై ఒక్క ఫొటోలనూ వరసగా, మీద టైముతో సహా వేయించింది. అవి తెచ్చి హాలు మెట్ల మీద ఒకదాని పక్కన ఒకటి పరిచింది. గాలికి లేవకుండా బాలస్వామి గులకరాళ్లు ఏరి పెట్టాడు. ఐదూ నలభైకి బూడిదరంగులో ఉన్న మబ్బు, నిమిషం నిమిషానికీ ఎలా అంటుకుందో, ఆరూ పదికి ఎలా ఆరిపోయిందో చూడొచ్చు. వచ్చేవాళ్లు మెట్టెక్కబోయి ఆగుతున్నారు.

హాలు ఊడ్చే తిరుపతమ్మ చీపురు పట్టుకుని వంగి చూసింది. "ఈ ఆకాశం నేను చూసినా" అంది. "అప్పుడు ఏడు రోడ్ల సర్కిల్ కాడ ఊడ్చే పని నాది. యాడో ఊరు కాలిపోతాందేమోనని శానాసేపు నిలబడిపోయినా. మా మేస్త్రీ కూడా తిట్టడం మరిచిపోయి చూసినాడు."

ఆ మాటకు జనం ఇంకా మూగారు. బహుమతులివ్వడానికి వచ్చిన ముఖ్య అతిథి కూడా మెట్ల దగ్గరే నిలిచిపోయేసరికి రామకృష్ణ బయటికి రాక తప్పలేదు. మొదట చిరాగ్గానే చూశాడు. తర్వాత గొంతుక్కూర్చుని, ఒక్కొక్క ఫొటో మీద వేలు పెట్టి టైము చదువుతూ చివరిదాకా వెళ్లాడు. లేచేటప్పటికి ముఖం మారిపోయింది.

"పొరపాటైంది" అన్నాడు, జీవితకు మాత్రమే వినపడేలా. "ఫొటో పెట్టిస్తా, లోపలికి రా."

"అబద్ధమని పది మందిలో అన్నారు సార్. నిజమని కూడా పది మందిలోనే చెప్పండి."

ఆయన లోపలికెళ్లి మైకు అందుకున్నాడు. "జీవిత పంపిన ఫొటోలో ఆకాశం అసలుదే. విచారించకుండా తీసేసింది నేను" అన్నాడు. గొంతు సన్నగా వచ్చింది, కానీ మాట స్పష్టంగానే వినపడింది. చీటీ పైన ఫొటో ఎక్కింది. బహుమతుల జాబితా అప్పటికే రాసేశారు. దాంట్లో ఆమె పేరు లేదు, ఆమె అడగనూ లేదు.

కార్యక్రమం అయ్యాక నిర్వాహకుల్లో ఒకతను వచ్చి, దారికి అడ్డమని మెట్ల మీది ఫొటోలు తీసేయమన్నాడు.

"జనం పోయినాక తీస్తామప్పా" అన్నాడు బాలస్వామి.

జీవిత కొంగుతో మెట్టు తుడుచుకుని అడుగు దూరం కూడా జరగకుండా ఆ ఫొటోల పక్కనే కూర్చుంది. హాల్లోంచి దిగేవాళ్లు ఒక్కొక్కరే పక్కకు ఒదిగి, చూసుకుంటూ దిగారు.