నిట్టనిలువు

క్రేను క్యాబిన్లో ఒంటరిగా కూర్చున్న మొదటి ఉదయమే కొత్త ఆపరేటరుకి ముచ్చెమటలు పట్టాయి. కింద ఆమె తమ్ముడు ఇనుప దూలానికి గొలుసులు కట్టి, కొక్కేనికి తగిలించి, స్తంభం పక్కన నిలబడ్డాడు. ఆమె తాడు బిగించింది. ఇక ఎత్తడమే. తాడు నిట్టనిలువుగా ఉంటే దూలం బుద్ధిగా లేస్తుంది. కాస్త వాలి ఉన్నా, నేల వదలగానే ఊగి తమ్ముణ్ణి స్తంభానికి నొక్కేస్తుంది.

తాడు స్తంభాలకి చక్కగా సమాంతరంగా ఉంది. హమ్మయ్య అనుకోబోయి ఆగింది. ఈ భవనం స్తంభాలు వాలుగానే కట్టారు! అందం కోసమట. వాళ్ల అందం సంగతేమో గానీ, ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

చిన్నప్పటి నుంచీ ఫస్టు రాకపోతే ఆమెకు ముద్ద దిగదు. తమ్ముడేమో వచ్చిన మార్కుకి దణ్ణం పెట్టుకునే రకం. ఆపరేటర్ల ఎంపికకి చీకటి గదిలో పరీక్ష పెట్టారు. వెలిగే చట్రాన్ని వంకరగా ఉంచి, దాని మధ్యనున్న వెలిగే పుల్లను నిలువుగా తిప్పమన్నారు. చట్రం ఎటు వాలితే ఆమె కన్నూ అటే వాలింది. కానీ పక్కనున్న పరీక్షాధికారి, పుల్ల సరైన చోటికి రాగానే ఊపిరి బిగబట్టేవాడు. మనుషుల్ని కనిపెట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఫస్టు వచ్చింది. శిక్షణలోనూ నేర్పేవాడి ముఖం చూసే నెట్టుకొచ్చింది. ఇంటిల్లిపాదీ మురిసిపోతుంటే నిజం చెప్పడానికి నోరు రాలేదు.

ఇక్కడ ఊపిరి బిగబట్టేవాళ్లెవరూ లేరు. ఇంత ఎత్తునుంచి తమ్ముడి ముఖం కూడా కంటికి ఆనడం లేదు.

వాకీటాకీ గరగరలాడింది. "ఏంటక్కా, నిద్రపోయావా? నిలువుగానే ఉందా?"

అవునంటే పరువు దక్కుతుంది. కాదంటే, మరి ఎటు జరపాలో తెలియదు. ఇంత భయం ఆమె ఎన్నడూ ఎరగదు.

"తెలియట్లేదురా," అంది. "నిజంగా తెలియట్లేదు. నువ్వక్కణ్ణుంచి పో. దూరంగా పో!"

తమ్ముడు పరుగెత్తాక తాడు వదులు చేసింది.

సూపర్‌వైజరు ఆయాసపడుతూ నిచ్చెనెక్కి వచ్చాడు. "ఏమ్మా, పరీక్షలో నువ్వే కదా ఫస్టు?"

ఆమె క్రేను తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"అక్కడ చీకటండీ," అంది. "పరీక్ష పెట్టినాయన ఊపిరి వినిపించేది."