తొంభై ఒక్క శాతం

పేపరు అంగీకరించామని జర్నల్ వాళ్ల మెయిల్ వచ్చిన రోజు అమలాపురంలో మా కాలేజీ అంతటికీ పూతరేకులు పంచాను. మార్కెటింగు, ప్రభుత్వ విధానాల మీద పరిశోధనలు అచ్చువేసే జర్నల్ అది. నాది మూడేళ్ల చాకిరీ. రొయ్యల చెరువుల్లో చల్లే మందు ప్యాకెట్ల మీది హెచ్చరిక కూలీలకు అర్థమవుతోందా అని ఉప్పలగుప్తం చుట్టుపక్కల రెండు వందల మందిని అడిగాను. తొంభై ఒక్క శాతం అవునన్నారు. ఇక ప్యాకెట్ మీది హెచ్చరికల నిబంధన మార్చనక్కర్లేదని ధీమాగా తేల్చేశాను.

ఆ ఆదివారం పెద్దింట్లమ్మ పిన్నికి పూతరేకులు పట్టుకెళ్లాను. సర్వేలో ఆవిడా ఉంది. చెరువు గట్టు మీద ఉత్త చేతులతో మందు కలుపుతోంది. వేళ్ల సందుల్లో తోలు ఊడి ఎర్రగా ఉంది.

"గ్లౌజులు వేసుకోమని ప్యాకెట్ మీద ఉంది కదా పిన్నీ. అర్థమైందని నాకు చెప్పేవు కూడా."

"చెప్పేనమ్మా. కాలేజీలో పాఠాలు చెప్పేదానివి, ఎండన పడొచ్చి అడుగుతున్నావు. తెలీదని నీ మొహం మీద ఎలా అంటాం? మా చెరువు మీద అందరం అలాగే చెప్పేం."

ఇక్కడే పుట్టి పెరిగాను. గడపలోకి వచ్చినవాళ్లను మనవాళ్లు చిన్నబుచ్చరని నాకు తెలియదా? నా మీద నాకే ఒళ్లు మండింది.

పేపరు వెనక్కి తీసుకుంటానంటే మా గైడు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఫోన్‌లో నచ్చజెప్పారు. "జర్నల్ ఒప్పుకున్న పేపరు ఎవరైనా వెనక్కి తీసుకుంటారా సత్యవాణీ? ప్రమోషన్ పోద్దమ్మా."

"ఇది అచ్చయితే రేపు నిబంధనలు రాసేవాళ్లు దీన్నే చూపిస్తారండీ. ఇక వీళ్ల చేతుల గతి అంతే."

ఆ సాయంత్రమే కారణంతో సహా ఎడిటర్‌కు రాసి పేపరు వెనక్కి తీసుకున్నాను. ప్రమోషన్ పోయింది. బాధపడ్డాను, దాచడం ఎందుకు?

మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఎవరినీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మందు ప్యాకెట్లలో ఉప్పు నింపి, పక్కన గ్లౌజులు పెట్టి, కలపమని చూస్తూ కూర్చున్నాను. కొత్తవాళ్లు రెండు వందల మంది కలిపితే గ్లౌజులు తొడుక్కున్నది పదిహేడుగురు. ఇక ఈ లెక్కను ఎవరూ కదపలేరని అప్పుడే తెలిసింది.

పక్కనే కూర్చున్న పిన్ని నా కాగితాల వైపు దిగులుగా చూసింది. "మావాళ్లందరూ ఫెయిలయ్యేరా అమ్మా?"

"మీరు కాదు పిన్నీ. ఫెయిలయ్యింది ప్యాకెట్."

కొత్త పేపరులో మొదటి వాక్యం అదే పెట్టాను. జర్నల్ వాళ్లు దానిలో ఒక్క అక్షరం మార్చకుండా అచ్చేశారు.