చెవులమ్మ రాసిన చీటీ

సూది రికార్డు మీదికి దిగింది. చెవులమ్మ హెడ్‌ఫోన్లు సర్దుకుని, పెన్సిలు పట్టుకుని కళ్లు మూసుకుంది. రికార్డుల ఫ్యాక్టరీలో ఆవిడ పని అదే. ప్రతి బ్యాచ్‌లో మొదటిది వినాలి. టిక్కుమన్నా గరగరమన్నా లోపాల చీటీ రాయాలి, బాగుంటే ముద్ర కొట్టాలి. ఇరవై రెండేళ్లలో ఒక్క పాటా పాటగా విన్న పాపాన పోలేదు.

ఇవాళ్టి అట్ట మీద మేక తల, కొమ్ముల మధ్య మంట, కింద తలకిందులైన శిలువ. లోపల ఒక కుర్రాడు సాతానును రా రమ్మని గొంతు చించుకుంటున్నాడు. ఈ బృందం రికార్డులొస్తే ప్యాకింగు ఆడవాళ్లు అట్టలు బోర్లా పెట్టుకుని పనిచేస్తారు. ఇంట్లో అత్తగారైతే చెప్పనే అక్కర్లేదు. "ఆ దెయ్యాల పాటలు చెవుల్లో మోసుకొచ్చి నా కొడుకుని మింగావే" అని రోజుకొక్కసారైనా అనందే ఆవిడకు ముద్ద దిగదు.

చెవులమ్మకు దెయ్యమేమీ వినపడలేదు. అరుపుకీ అరుపుకీ మధ్య కుర్రాడు గాలి పీల్చుకునే చోట పిల్లికూత వినపడింది. ఈ బృందం మొదటి రికార్డులో అది లేదు. మూడోదాంట్లో మొదలైంది. ఇది ఐదోది, ఇప్పుడు ప్రతి ఊపిరికీ ఉంది.

ఆ కూత ఆవిడ ఎరిగినదే. మొగుడి గుండెలో మూడేళ్లు విన్నది. దుమ్ము పడటం లేదేమోలే అనుకుని ఊరుకుంది. వెంట్రుకంత గీతను పట్టే చెవి పక్కనున్న మనిషిని పట్టించుకోలేదు. అత్తగారు ఎత్తిపొడవక్కర్లేదు, ఆ కుమిలిపోవడం ఆవిడకు రోజూ ఉన్నదే.

అందుకే పోయినేడు నాలుగో రికార్డుకు చీటీ రాసింది. లోపం: పాడే అబ్బాయి ఊపిరి. చేయవలసినది: డాక్టరుకు చూపించాలి, వెంటనే. 'వెంటనే' కింద రెండు గీతలు.

సూపర్‌వైజరు పడీ పడీ నవ్వాడు. "రికార్డు వినమంటే మనిషిని వింటావేంటి, చెవులమ్మా?"

"లోపమే కదండీ రాశాను."

"సరేలే, పాటల కంపెనీకి పంపిస్తాలే."

ఆ మాట నమ్మి ముద్ర కొట్టింది.

ఇవాళ కొట్టదలచుకోలేదు. కొత్త చీటీ రాసుకుని సూపర్‌వైజరు గదికి వెళ్లింది. ఆయన ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ పాడే కుర్రాడు పోయాడట. పొద్దున్నే. ఊపిరాడక."

గుమ్మంలో అట్టల కట్టతో నిలబడ్డ ప్యాకింగు ఆవిడ చెంపలేసుకుంది. "అన్ని సార్లు పిలిస్తే రాడా మరి! వచ్చి తీసుకుపోయాడు."

"ఎవరూ రాలేదమ్మా," అంది చెవులమ్మ. "ఒక్కరు వచ్చి చూసినా బతికేవాడు."

సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు కంపెనీవాళ్లు రెట్టింపు రికార్డులు కావాలంటున్నారు. సాయంత్రానికల్లా. నువ్వా ముద్ర కొట్టెయ్." సిరా డబ్బా కోసం సొరుగు లాగాడు. డబ్బాతో పాటు దాని అడుగున అంటుకున్న కాగితం కూడా పైకొచ్చింది. చెవులమ్మ తన అక్షరాలు గుర్తుపట్టింది.

"పంపిస్తానన్నారు కదండీ."

ఆయన కాగితం ఊడదీసి బల్ల మీద పడేసి, సిరా డబ్బా ఆవిడ ముందుకు తోశాడు.

చేతిలోని కొత్త చీటీని ఆవిడ నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. హెడ్‌ఫోన్లు మేకుకు తగిలించి, సంచీ తీసుకుని, హాజరుపట్టీలో సంతకమైనా పెట్టకుండా గేటు దాటింది. వెనక రికార్డులు అచ్చొత్తే యంత్రాలు మళ్లీ మొదలయ్యాయి.

బల్ల మీద పాత చీటీ ఉంది, మధ్యలో టీగ్లాసు మరక, ఆ మరక లోపల రెండు గీతలతో 'వెంటనే'.